లా సీటు లెక్క: పట్టా తర్వాతి మూడేళ్లు కూడా కలపండి

లా కాలేజీ ఖర్చు అనగానే ఇళ్లలో చేసే లెక్క ఒకటే. ఏడాది ఫీజును మూడుతోనో అయిదుతోనో గుణించి, దానికి హాస్టల్ కలుపుతారు. క్యాంపస్ నుంచి నేరుగా ఉద్యోగంలోకి వెళ్లే చదువులకు అది సరిపోవచ్చు. నల్లకోటు వేసుకోవాలనుకునేవాళ్లకు మాత్రం పట్టా వచ్చాక కనీసం మూడేళ్లు ఓ సీనియర్ వకీలు దగ్గర జూనియర్‌గా గడపక తప్పదు, ఆ మూడేళ్లూ ఇల్లు పోషించాల్సిందే. కాబట్టి అయిదేళ్ల కోర్సుకు ఎనిమిదేళ్లు, మూడేళ్ల కోర్సుకు ఆరేళ్లు లెక్కేయాలి. ఏ కాలేజీ మంచిదన్న ప్రశ్నకు జవాబు చాలాసార్లు ఆ చివరి మూడేళ్ల దగ్గరే మారిపోతుంది.

వకీళ్ల వృత్తినీ లా చదువునూ నియంత్రించే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో ఒక సర్క్యులర్ ఇచ్చింది. జూనియర్లకు నగరాల్లో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలకు తగ్గకుండా స్టయిపెండ్ ఇవ్వాలని అందులో ఉంది. అది సిఫారసే, ఇవ్వని సీనియర్‌ను అడిగే నాథుడు లేడు. జిల్లా కోర్టుల్లో ఎంత ఇవ్వాలన్నది ఇప్పటికీ సీనియర్ మనసును బట్టే ఉంటుంది. చాలా ఆఫీసుల్లో పని నేర్పిస్తున్నాం కదా అన్నదే జీతం.

దీని పక్కన అప్పును పెట్టి చూడండి. ఏడాదికి 3 లక్షల చొప్పున అయిదేళ్లకు 15 లక్షల విద్యారుణం తీసుకున్నారు, వడ్డీ 10 శాతం, చదువయ్యాక ఇంకో ఏడాది మారటోరియం, అంటే వాయిదాలు కట్టనక్కర్లేని గడువు, ఉందనుకుందాం. మొదటి ఏడాది తీసుకున్న 3 లక్షల మీద ఆరేళ్ల సాధారణ వడ్డీ 1.8 లక్షలు. రెండో విడత మీద 1.5, ఆ తర్వాత 1.2, 0.9, 0.6. మొత్తం వడ్డీ 6 లక్షలు. వాయిదాలు మొదలయ్యే రోజుకు అప్పు 21 లక్షలు అయి కూర్చుంటుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 27,700 కట్టాలి. బార్ కౌన్సిల్ చెప్పిన స్టయిపెండ్ పైసా తగ్గకుండా వచ్చినా ఈ వాయిదాకు చాలదు. చదువుతున్నప్పుడూ, ఆ మారటోరియం ఏడాదిలోనూ ఇంట్లోవాళ్లు నెలనెలా వడ్డీ కట్టేస్తే ఆ 6 లక్షలు అసలుకు చేరవు, వాయిదా 19,800 దగ్గర ఆగుతుంది. బ్యాంకు వాళ్లు ఈ మాట తమంతట తాము చెప్పడం తక్కువ, మీరే అడగాలి. పీఎం విద్యాలక్ష్మి పథకం జాబితాలో ఉన్న సంస్థ అయితే, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉన్నవాళ్లకు 10 లక్షల దాకా రుణం మీద మారటోరియం కాలంలో 3 శాతం వడ్డీ రాయితీకి దరఖాస్తు చేసుకోవచ్చు. అప్లికేషన్ పెట్టే ముందే ఆ జాబితాలో మీ కాలేజీ పేరుందో లేదో చూసుకోండి.

పెద్ద అప్పు చేసి చదివితే కార్పొరేట్ సంస్థకు వెళ్లక తప్పని పరిస్థితి వస్తుంది. అక్కడికే వెళ్లాలనుకుంటే ఇబ్బందే లేదు. పెద్ద లా సంస్థలు ఇచ్చే జీతంతో ఆ వాయిదా తేలిగ్గా తీరుతుంది. హైకోర్టులోనో జిల్లా కోర్టులోనో ప్రాక్టీసు చెయ్యాలన్న మనిషి అదే అప్పు నెత్తిన పెట్టుకుంటే, మొదటి మూడేళ్లలోనే కోర్టు వదిలి ఏదో ఒక ఉద్యోగంలో చేరతాడు. తెలివి లేకో, కష్టపడలేకో కాదు, ప్రతి నెలా ఆ తేదీ వస్తుంది కాబట్టి.

ఇక సీట్ల సంగతి. ఇంటర్ తర్వాత అయిదేళ్ల కోర్సుకు రెండు దారులు. ఒకటి క్లాట్ అనే జాతీయ స్థాయి ప్రవేశ పరీక్ష, దాని ద్వారా జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలు. ఢిల్లీలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం మాత్రం ఐలెట్ అని తన పరీక్ష తనే పెట్టుకుంటుంది. మనవైపు షామీర్‌పేటలో నల్సార్, విశాఖ దగ్గర సబ్బవరంలో దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయం ఉన్నాయి. రెండింటిలోనూ స్థానిక విద్యార్థులకు కోటా ఉంది, కాబట్టి మీ ర్యాంకును అఖిల భారత కటాఫ్‌తో మాత్రమే పోల్చుకుని నిరుత్సాహపడొద్దు. రెండో దారి లాసెట్, రాష్ట్ర స్థాయి ప్రవేశ పరీక్ష. తెలంగాణకు ఒకటి, ఆంధ్రప్రదేశ్‌కు ఒకటి ఉన్నాయి, డిగ్రీ తర్వాతి మూడేళ్ల కోర్సుకు కూడా ఇదే. క్లాట్‌లో 120 ప్రశ్నలకు 120 నిమిషాలు, తప్పు జవాబుకు పావు మార్కు కోత, అంతా ఇంగ్లిష్. లాసెట్‌లో 120 ప్రశ్నలకు 90 నిమిషాలు, కోత లేదు, ప్రశ్నలు తెలుగులోనూ ఉంటాయి. 42 మార్కులొస్తే అర్హత, ఎస్సీ, ఎస్టీలకు కనీస మార్కుల నిబంధన లేదు. కోత లేని పరీక్షలో ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకూడదని చెప్పాలా? చెప్పాలి, ప్రతి ఏడూ వదిలేసేవాళ్లు ఉంటారు.

జాతీయ విశ్వవిద్యాలయాల్లో ఫీజు, హాస్టల్, మెస్ కలిపితే ఏడాదికి సుమారు రెండున్నర నుంచి నాలుగు లక్షలు, కొన్నిచోట్ల ఇంకాస్త ఎక్కువ. బ్రోషర్‌లో కనిపించని ఖర్చు ఇంటర్న్‌షిప్‌లది. బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం అయిదేళ్ల కోర్సులో కనీసం 20 వారాలు, మూడేళ్ల కోర్సులో 12 వారాలు ఇంటర్న్‌షిప్ చెయ్యాలి, ఏ ఏడాదిలోనూ ఏకబిగిన నాలుగు వారాలకు మించకూడదు. ఈ క్యాంపస్‌ల్లో పిల్లలు కనీసంతో ఆగరు. సెలవులొస్తే ఢిల్లీ, ముంబయి. ఢిల్లీలో నెల రోజుల పేయింగ్ గెస్ట్ గది, తిండి, మెట్రో, రైలు టికెట్లు కలిపి పాతిక వేలకు తగ్గదు. అడ్వకేట్ల దగ్గర చేసే ఇంటర్న్‌షిప్‌లకు చాలావరకు డబ్బులివ్వరు. దీనికి మూట్ కోర్టు (నమూనా కోర్టు వాదనల) పోటీల రిజిస్ట్రేషన్, ప్రయాణాలు తోడవుతాయి. అయిదేళ్లకు రెండు, మూడు లక్షలు వీటికి పక్కన పెట్టుకోకపోతే, మూడో ఏడాదిలో తోటివాళ్లంతా ఢిల్లీ వెళ్తుంటే మీ పిల్లవాడు ఇంటికి వస్తాడు. అంత ఫీజు కట్టి చేరింది ఆ పరిచయాల కోసమే కాబట్టి ఇది చిన్న నష్టమేమీ కాదు.

ఆ క్యాంపస్‌ల జీవితం గురించి కూడా తెలుసుకోవాలి. షామీర్‌పేటా సబ్బవరమూ ఊరికి దూరం, చదువూ తిండీ నిద్రా అన్నీ లోపలే. దేశం నలుమూలల నుంచి వచ్చినవాళ్లతో రాత్రి రెండింటి దాకా ప్రాజెక్టులు రాసుకునే వాతావరణం కొందరికి రెక్కలిస్తుంది. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లకు మొదటి రెండు సెమిస్టర్లు గట్టిగానే ఉంటాయి. ఆ కష్టం లా సబ్జెక్టుల వల్ల రాదు, వారానికి వంద పేజీల ఇంగ్లిష్ తీర్పులు చదవడం అలవాటు లేక వస్తుంది. చేరే ముందున్న ఖాళీ నెలల్లో రోజుకొక సుప్రీంకోర్టు తీర్పు చదవడం మొదలుపెడితే ఆ ఇబ్బంది సగం తగ్గుతుంది.

కార్పొరేట్ సంస్థల నియామకాల గురించి ఒక హెచ్చరిక. ఇరవైకి పైగా జాతీయ విశ్వవిద్యాలయాలున్నా, పెద్ద సంస్థలు క్యాంపస్‌కు వచ్చి గుంపులుగా తీసుకునేది మొదటి వరసలోని అయిదారింటి నుంచే. పేరులో జాతీయ అన్న మాటుంటే చాలదు. కాలేజీ చెప్పే అత్యధిక ప్యాకేజీ అంకె మీకు ఎందుకూ పనికిరాదు, అది ఒకరిద్దరి జీతం. అడగాల్సినవి వేరే: బ్యాచ్‌లో ఎంతమంది ప్లేస్‌మెంట్‌కు పేరిచ్చారు, వాళ్లలో ఎంతమందికి వచ్చింది, మధ్యస్థ జీతమెంత. ఖరీదైన ప్రైవేటు లా స్కూళ్లలో అయితే ఈ మూడింటికీ కాగితం మీద జవాబు ఇస్తేనే ఫీజు మాట మాట్లాడండి.

ప్రాక్టీసే లక్ష్యమైతే నా ఓటు వేరేవైపు. జిల్లా కోర్టులో ఆస్తి వివాదం చేపట్టే వకీలు ముందుకు వచ్చే కాగితాలేమిటి? పాత రిజిస్టర్డ్ దస్తావేజు, పహాణీ, అడంగల్ లాంటి భూమి రికార్డులు, ఆస్తి లావాదేవీలు చూపే ఈసీ, గ్రామ పెద్దల ముందు రాసుకున్న ఒప్పందం. సాక్షి మాట్లాడేది తెలుగు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో సాక్షి నోట జారిన ఒక మాటను పట్టుకోవాలంటే ఆ మండలంలో ఆ మాటకు అర్థమేమిటో తెలియాలి. ఇది ఏ క్యాంపస్‌లోనూ నేర్పరు, కోర్టు వరండాలోనూ సీనియర్ ఆఫీసులోనూ పట్టుబడుతుంది. అందుకే కోర్టుకు దగ్గరగా ఉన్న కాలేజీలో లాసెట్ కన్వీనర్ సీటు, ఇంటి నుంచో చవక గది నుంచో చదువు, సాయంత్రం ఓ సీనియర్ ఆఫీసులో ఫైళ్లు చదవడం అన్న పద్ధతికి ఇప్పటికీ సాటి లేదు. కన్వీనర్ కోటా ఫీజు వేలల్లోనే ఉంటుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు అర్హులైతే అదీ తగ్గుతుంది, మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే మాత్రం అది రాదు. హాజరు 75 శాతం లేకపోయినా ఆగిపోతుంది.

ఏ ఊరన్నది ఏ కోర్టు కావాలన్నదాన్ని బట్టి తేలుతుంది. హైదరాబాద్‌లో హైకోర్టు, సిటీ సివిల్ కోర్టు, నాంపల్లి క్రిమినల్ కోర్టులు, కంపెనీ లా ట్రిబ్యునల్, రుణ వసూళ్ల ట్రిబ్యునల్, అన్నీ ఒక బస్సు పాసు దూరంలో ఉంటాయి. ఉస్మానియా లా కాలేజీలో చదివేవాళ్లు విద్యానగర్, నల్లకుంట వైపు గదుల్లో ఉండి ఇవన్నీ చూడొచ్చు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నేలపాడులో ఉంది కాబట్టి రిట్‌లు (ప్రభుత్వ చర్యల మీద హైకోర్టులో వేసే పిటిషన్లు), సర్వీసు కేసుల (ప్రభుత్వోద్యోగుల ఉద్యోగ వివాదాల) మీద మనసున్నవాళ్లకు గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల కాలేజీలు నయం. విశాఖలో ఆంధ్రా విశ్వవిద్యాలయం లా కాలేజీకి పాత పేరుంది, ఓడరేవు, పరిశ్రమల వల్ల కార్మిక, పన్ను వ్యవహారాలు అక్కడ ఎక్కువ. ఇంటికి దూరంగా చదివించడానికి ఒప్పుకోని సీమ కుటుంబాల అమ్మాయిలకు తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో కూడా లా కోర్సులున్నాయి.

జడ్జి కావాలనుకునేవాళ్ల లెక్క 2025 మే 20న మారింది. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని సుప్రీంకోర్టు ఆ రోజు తీర్పిచ్చింది. బార్ కౌన్సిల్‌లో వకీలుగా తాత్కాలికంగా ఎన్‌రోల్ (నమోదు) అయిన తేదీ నుంచే ఆ మూడేళ్లు లెక్కిస్తారు. జడ్జిల దగ్గర లా క్లర్కుగా చేసిన కాలమూ కలుస్తుంది. పట్టా రాగానే కోచింగ్‌లో కూర్చునే పాత పథకం దీంతో పోయింది. ఇక్కడ వయసు చూసుకోండి. తెలుగు రాష్ట్రాల నోటిఫికేషన్లలో జనరల్ అభ్యర్థులకు గరిష్ఠ వయసు 35గా ఉంటూ వచ్చింది. ముప్పై ఏళ్లకు మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరితే పట్టా 33కి, ప్రాక్టీసు పూర్తయ్యేది 36కి. వయసు సడలింపు లేనివాళ్లకు ఆ తలుపు అప్పటికే మూసుకుపోతుంది. ఇంటర్ నుంచి అయిదేళ్ల కోర్సులో చేరినవాళ్లు 26కే పరీక్ష రాయగలరు. అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ పోస్టుకు కూడా క్రిమినల్ కోర్టుల్లో మూడేళ్ల ప్రాక్టీసు అడుగుతారు. జడ్జి పరీక్షలో ఇంగ్లిష్ పేపర్‌లో తెలుగు నుంచి అనువాదం ఉంటుంది. రాష్ట్రం బయట చదివి తెలుగు మరిచిపోయినవాళ్లకు అదో తిప్పలు.

ఈ మూడేళ్ల గడియారం వల్ల ఇంకో సంగతి ముఖ్యమైంది, దాన్ని ఎవరూ అడగరు. యూనివర్సిటీ ఆఖరి సెమిస్టర్ ఫలితాలు ఎప్పుడిస్తుంది? ఫలితాలు నాలుగు నెలలు ఆలస్యమైతే ఎన్‌రోల్‌మెంట్ నాలుగు నెలలు వెనక్కి పోతుంది, ఒక నోటిఫికేషన్ చేజారవచ్చు. గత రెండు బ్యాచ్‌ల సీనియర్లను పట్టుకుని ప్రొవిజనల్ సర్టిఫికెట్ చేతికొచ్చిన నెల అడగండి. ఎన్‌రోల్‌మెంట్ ఖర్చు మాత్రం ఇప్పుడు భయపెట్టదు. 2024 జులై 30 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం బార్ కౌన్సిళ్లు చట్టంలో ఉన్న 750 రూపాయలకు మించి ఎన్‌రోల్‌మెంట్ ఫీజు తీసుకోకూడదు, ఎస్సీ, ఎస్టీలకు 125.

ఉద్యోగం చేస్తూ మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చదవాలనుకునేవాళ్లు మన దగ్గర లెక్కలేనంత మంది. వాళ్లకు ఊళ్లో దొరికే సలహా, రాకపోయినా ఫర్వాలేదనే కాలేజీలో చేరమని. వినకండి. ప్రతి సబ్జెక్టులో 70 శాతం హాజరు ఉండాలన్నది నిబంధన, క్లాసులు ఉదయం 8 నుంచి రాత్రి 7 మధ్యే జరగాలి, వారానికి 30 గంటలు. 2024 సెప్టెంబరులో బార్ కౌన్సిల్ బయోమెట్రిక్ హాజరు పెట్టమంది. చదువుకునేటప్పుడు ఉద్యోగం చేశారా, ఏకకాలంలో ఇంకో రెగ్యులర్ డిగ్రీ చదివారా అన్నది రాతపూర్వకంగా చెప్పమంది. ఒకే రోజు ఆఫీసు రిజిస్టర్‌లోనూ కాలేజీ రిజిస్టర్‌లోనూ సంతకాలుంటే, పదేళ్ల తర్వాత ఎదుటి పార్టీ వకీలు వాటిని బయటకు తీసే రోజు రావచ్చు. ఇంకొకటి, జీతం తీసుకునే పూర్తికాల ఉద్యోగి ప్రాక్టీసు చెయ్యడానికి వీల్లేదు. కాబట్టి ఉద్యోగం వదిలే ఉద్దేశం లేనివాళ్లకు ఆ పట్టా ప్రమోషన్‌కో, తమ రంగంలో చట్టం అర్థం కావడానికో పనికొస్తుంది. ఆ మాత్రానికైతే నల్సార్ దూరవిద్యలో సైబర్ చట్టాలు, పేటెంట్లు, మీడియా చట్టాల మీద ఏడాది పీజీ డిప్లొమాలు ఇస్తోంది. ఖర్చూ తక్కువ, అబద్ధం రాయాల్సిన అవసరమూ లేదు.

బీటెక్ చేసి లా వైపు చూసేవాళ్లది మంచి స్థానం, అది వాళ్లకు తెలియదు. పేటెంట్ ఏజెంట్ పరీక్షకు కావాల్సింది సైన్సు లేదా ఇంజినీరింగ్ డిగ్రీ, ఎల్‌ఎల్‌బీ అక్కర్లేదు. రెండూ ఉన్నవాళ్లు పేటెంట్ దాఖలు చెయ్యనూ గలరు, దాని మీద కోర్టులో వాదించనూ గలరు. ఐఐటీ ఖరగ్‌పూర్‌లో ఇంజినీర్ల లాంటివాళ్ల కోసమే మేధోసంపత్తి హక్కుల మీద దృష్టి పెట్టిన మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ ఉంది. తక్కువ ఫీజులో పెద్ద పేరు కావాలంటే ఢిల్లీ విశ్వవిద్యాలయం లా ఫ్యాకల్టీ మూడేళ్ల కోర్సు చూడండి. ఫీజు నామమాత్రం, ఢిల్లీలో గది అద్దె మాత్రం కాదు.

అర్హత దగ్గరే చిక్కుకునేవాళ్లున్నారు. ఇంటర్ చదవకుండా ఓపెన్ యూనివర్సిటీలో నేరుగా డిగ్రీ చేసినవాళ్లకు ఎల్‌ఎల్‌బీ అర్హత లేదు. ఇంటర్ చదివి, దూరవిద్యలో డిగ్రీ చేసినవాళ్లకు ఇబ్బంది లేదు. మూడేళ్ల కోర్సుకు డిగ్రీలో జనరల్ 45, ఓబీసీ 42, ఎస్సీ, ఎస్టీ 40 శాతం ఉండాలి. దూరవిద్యలో ఎల్‌ఎల్‌బీ ఇస్తామనే ప్రకటనలు ఇప్పటికీ కనిపిస్తాయి, ఆ పట్టాతో ఎన్‌రోల్‌మెంట్ రాదు.

కాలేజీ చూడడానికి ఆదివారం వెళ్లకండి. మామూలు పని రోజు పదకొండింటికి, చెప్పకుండా వెళ్లండి. మొదటి సంవత్సరం గదిలో ఎంతమంది ఉన్నారు, మూడో సంవత్సరం గదిలో ఎంతమంది ఉన్నారు? రెండో అంకె సున్నాకు దగ్గరగా ఉంటే ఆ కాలేజీ ఏ రకమో తెలిసిపోయింది. గ్రంథాలయంలో భారతీయ న్యాయ సంహిత, నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య అధినియం పుస్తకాలు అడగండి. ఐపీసీ లాంటి పాత క్రిమినల్ చట్టాల స్థానంలో అవి 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్నాయి, ఇంకా పాత ఐపీసీ వ్యాఖ్యానాలే అరల్లో ఉంటే పాఠమూ అలాగే ఉంటుంది. ఎస్‌సీసీ ఆన్‌లైన్, మనుపాత్ర లాంటి తీర్పుల డేటాబేస్‌ల లాగిన్ విద్యార్థులకు ఇస్తున్నారా, ఇంటి నుంచి తెరుచుకుంటుందా అన్నది కూడా. బార్ కౌన్సిల్ ఆమోదం ఏ ఏడాది దాకా ఉందో ఆ ఉత్తర్వు చూపించమనండి. గోడ మీద ఫ్రేము కట్టిన పాత కాగితం లెక్కలోకి రాదు.

కౌన్సెలింగ్‌లో తారీఖులు కలవవు, డబ్బు పోయేది ఇక్కడే. క్లాట్ డిసెంబరులో అయిపోతుంది, ఇంటర్ ఫలితాలకు ముందే సీటు డబ్బు కట్టమంటారు. లాసెట్ సీట్ల కేటాయింపు మాత్రం సాధారణంగా అంతకు చాలా నెలల తర్వాతే. చేతిలో జాతీయ విశ్వవిద్యాలయం సీటు పెట్టుకుని లాసెట్ కోసం ఎదురుచూస్తే, ఉపసంహరణ గడువు దాటాక కట్టినదాంట్లో చాలాభాగం వెనక్కి రాదు. గడువు తేదీని దరఖాస్తు రోజే రాసి పెట్టుకోండి. క్లాట్ కౌన్సెలింగ్‌లో ఫ్రీజ్ నొక్కితే వచ్చిన సీటుతో సరి, పై ప్రాధాన్యం వైపు కదలరు. ఫ్లోట్ నొక్కితే మీరు పైన రాసుకున్న కాలేజీ ఖాళీ అయినప్పుడు అటు మారుస్తారు, పాత సీటు దానంతటదే పోతుంది, వెనక్కి అడగడానికి లేదు. అందుకే ప్రాధాన్య క్రమంలో ఫీజు కట్టలేని కాలేజీని పేరు బాగుందని పైన రాయకూడదు. లాసెట్ వెబ్ ఆప్షన్లలోనూ ఇదే తిరకాసు, మారిన సీటు వద్దనుకున్నా పాతది రాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఒక కాలేజీలో ఇచ్చేముందు నాలుగైదు సెట్లు నకళ్లు తీయించి, స్కాన్ చేసి పెట్టుకోండి. వాటిని వెనక్కి తీసుకోవడానికి కొన్ని ప్రైవేటు కాలేజీలు మిగిలిన ఏళ్ల ఫీజు కూడా అడుగుతాయి. విద్యార్థి వదిలి వెళ్లిపోతే సర్టిఫికెట్లు ఆపి ఉంచకూడదని యూజీసీ ఇప్పటికే చెప్పింది, ఆ మాటతో ముందు ప్రిన్సిపాల్‌కు, తర్వాత అనుబంధ విశ్వవిద్యాలయం రిజిస్ట్రార్‌కు రాతపూర్వకంగా అర్జీ పెట్టండి. అర్జీ నకలు మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోవడం మర్చిపోకండి.